మైకు చేసిన నేరమేమిటి?

మైకు వచ్చాక కళ పోయిందన్న మాట మన సభల్లో స్థిరపడిపోయింది. పద్యనాటకం మీద ప్రసంగించే పెద్దలు అంటారు, కర్ణాటక సంగీతం మీద రాసే విమర్శకులు అంటారు, రిటైరైన మాస్టార్లు అంటారు. ఆ రోజుల్లో తెర లేవగానే ఎత్తుకున్న పద్యం ఊరి పొలిమేర దాకా వినపడేదని చెబుతారు. హరిదాసు గజ్జె కట్టి నిలబడితే వేలమంది కిక్కురుమనకుండా వినేవారంటారు. మాస్టారు గొంతు విప్పితే పక్క గది పిల్లలు కూడా పాఠం రాసుకునేవారంటారు. ఇప్పటివాళ్లకు గొంతు లేదు కాబట్టి మైకు కావాల్సి వచ్చిందని ఒకసారి, మైకు వచ్చింది కాబట్టి గొంతు పోయిందని మరొకసారి వాదిస్తారు.

ఈ అభిప్రాయం తప్పు. పాతకాలం మీద మమకారం అనుకుని ఊరుకోవచ్చు గానీ, దీనివల్ల ఇవాళ నష్టపోతున్నవాళ్లున్నారు. నిండిన క్లాసులో పీరియడు తర్వాత పీరియడు అరిచి సాయంత్రానికి గొంతు పూడుకుపోయే టీచరు ఉంది. ఆఖరి బెంచీలో సగం మాటలు అందక మిగతా సగం ఊహించుకునే పిల్లవాడున్నాడు. శ్రుతి, లయ, భావం అన్నీ ఉన్నా “వాయిస్ లేదు” అనిపించుకుని పోటీల్లోంచి వెనక్కి వచ్చే అమ్మాయి ఉంది. మైకు పుట్టింది అరవడానికి కాదు, ఎవరూ అరవనక్కర్లేకుండా చేయడానికి. ఈ సంగతి మరిచినందువల్లే మైకును తిట్టేవాళ్లూ, చెవులు చిల్లులు పడేలా పెట్టేవాళ్లూ ఒకే పొరపాటులో ఉన్నారు. ఇద్దరి దృష్టిలోనూ అది కేకలు పెట్టే యంత్రమే.

ముందు ఆ పూర్వకాలపు గొంతుల సంగతి చూద్దాం. వినపడినవాళ్ల పేర్లే మనకు మిగిలాయి. వినపడనివాళ్లు నటులే కాలేదు, గాయకులే కాలేదు. ఉచ్చారణ శుద్ధంగా ఉండి, అభినయం తెలిసి, పాత్రను లోతుగా అర్థం చేసుకున్న మనిషికి ఊపిరి బలం చాలకపోతే కృష్ణుడి వేషం దక్కలేదు. చరిత్రలో నిలిచిన పదిమంది గొప్ప గొంతులను చూపి అందరికీ అలాంటి గొంతులు ఉండేవనడం న్యాయం కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన నాటక కుటుంబాలు తరతరాలుగా రంగస్థలాన్ని మోశాయి. వాళ్ల శ్రమకు చేతులెత్తి మొక్కాలి. మైకు లేకుండా రాత్రి రాత్రంతా పాడడం వాళ్లు ఎంచుకున్న శైలి కాదు, వాళ్లకు తప్పని పరిస్థితి. దాన్నే ఇప్పుడు మనం కళకు ప్రమాణంగా నిలబెడుతున్నాం.

గోల్కొండ చప్పట్ల ప్రస్తావన కూడా ఈ వాదనలో తప్పకుండా వస్తుంది. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిసార్‌లో వినిపిస్తాయి, మన పూర్వులకు మైకు అవసరం లేకుండానే ధ్వనిశాస్త్రం తెలుసు అంటారు. తెలుసు, నిజమే. కానీ చప్పట్లు ఒక సంకేతం. క్షణంలో పుట్టి క్షణంలో అయిపోయే పదునైన చప్పుడు. “ఎవరో వచ్చారు” అన్న కబురు అందించడానికి అది చాలు. ఎవరు వచ్చారో, ఏం కోరి వచ్చారో ఆ దర్వాజా గుమ్మటం కింద నిలబడి మాటల్లో చెబితే పైకి అందదు. పద్యానికి, పాఠానికి కావాల్సింది చప్పుడు చేరడం కాదు, అక్షరం చేరడం.

అక్షరం ఎందుకు చేరదో చూడాలి. మామూలుగా మాట్లాడుకునే గొంతు మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పడిపోతుంది. 2 మీటర్ల దగ్గర 54, 4 మీటర్ల దగ్గర 48, 8 మీటర్లకు 42, 16 మీటర్లకు 36. ఆ దూరంలో ఆకులు కదిలే సవ్వడి, చంటిపిల్ల ఏడుపు, ఎవరో దగ్గడం మాటను మింగేస్తాయి. దాన్ని దాటాలంటే గొంతు పెంచాలి. గొంతు పెంచినప్పుడు అన్నీ సమానంగా పెరగవు. అచ్చులు బాగా పెరుగుతాయి, హల్లులు అంతగా పెరగవు. అరిచే మనిషి మాటలో ఆ, ఓ, ఈ మిగులుతాయి, త, ద, ప, బ తేడాలు చెదిరిపోతాయి. పైగా శ్రుతి పైకి వెళుతుంది. మైకు లేని కాలంలో మగవాళ్లు కూడా అంత పెద్ద శ్రుతిలో పాడడానికి కారణం అదే. పద్యం చివర రాగాన్ని సాగదీయడం మీద మనకున్న మోజులో కొంత భాగం ఈ అవసరం నుంచే వచ్చిందని నా నమ్మకం. భావం అందనిచోట రాగమైనా అందుతుంది కదా. ఇక ఆ నాటకాల్లో జనాన్ని పట్టి ఉంచిన హార్మోనియం ఐరోపా నుంచి వచ్చిన వాయిద్యం. గట్టిగా మోగుతుంది కాబట్టే అది రంగస్థలాన్ని ఆక్రమించింది. మైకు రాకముందు ఉన్నదంతా సహజం, వచ్చాక ఉన్నదంతా కృత్రిమం అనేవాళ్లు ఈ హార్మోనియాన్ని ఏ ఖాతాలో వేస్తారో చెప్పాలి.

రికార్డింగు చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటను రికార్డు చేసినప్పుడు మైకు లేదు. ఆమె ఒక గరాటు లాంటి కొమ్ములోకి పాడింది. ఆ కొమ్ము గట్టి శబ్దాన్నే పట్టేది. స్వరం మంద్రంలోకి దిగితే మనిషి ముందుకు వంగాలి, తారస్థాయికి వెళితే వెనక్కి జరగాలి. సన్నటి వాయిద్యాలు దానికి అందేవే కావు. 1925లో విద్యుత్ రికార్డింగు వచ్చి, కొమ్ము స్థానంలో మైకు నిలిచాక మానవ కంఠంలోని మెత్తదనం మొదటిసారి రికార్డు మీదికి ఎక్కింది. గుసగుస కూడా పాటలో భాగం కావచ్చని అప్పుడే తెలిసింది.

మనకు జరిగిందేమిటో గుర్తు చేసుకుందాం. 1932 నాటి భక్త ప్రహ్లాద మన తొలి టాకీ. అందులో ఉన్నది రంగస్థలం నుంచి వచ్చిన గొంతులే. తర్వాత రెండు దశాబ్దాల్లో ఏం వచ్చింది? ఎ.ఎం. రాజా వచ్చాడు. పి.బి. శ్రీనివాస్ వచ్చాడు. పందిట్లో మైకు లేకుండా నిలబెడితే పది వరసల అవతలికి చేరని మెత్తటి గొంతులవి. ఆ మెత్తదనం కోసమే జనం వాళ్లను గుండెలకు హత్తుకున్నారు. రేడియో లేకపోతే లలిత సంగీతం అన్న ప్రక్రియ మనకు లేదు. ఇంట్లో కూర్చున్న మనిషి చెవిలో చెప్పినట్టు పాడడం మైకు ఇచ్చిన వరం. బాలమురళి మంద్రస్థాయిలో చేసిన సంచారాలు వేలమందికి అందడమూ దాని చలవే.

మైకు వచ్చి పద్యాన్ని చంపిందనేవారికి ఘంటసాల ఒక్కడే సమాధానం. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని, నిండు గొంతుతో పాడగలిగిన మనిషి ఆయన. మైకు ముందుకు వచ్చి ఆ గొంతును పోగొట్టుకోలేదు. పద్యం ఎత్తుకున్నప్పుడు కంఠం నిండుగా విప్పాడు, విషాద గీతానికి తగ్గించాడు. ప్రతి అక్షరాన్నీ ఒత్తులతో సహా స్పష్టంగా పలికాడు. నాటకం ఎన్నడూ చూడని ఇళ్లలోకి, మారుమూల టీ దుకాణాల్లోకి పద్యం వెళ్లింది ఆయన రికార్డుల వల్లే. ఇవాళ పద్యం నోటికి వచ్చిన మామూలు తెలుగువాడిని అడిగి చూడండి, ఎక్కడ నేర్చుకున్నావని. చాలామంది ఘంటసాల పేరే చెబుతారు.

వీణ విషయం ఇంకా స్పష్టం. ఒక మీటు మీటి, తీగను లాగి, ఆ ఒక్క మీటులోంచి పుట్టే గమకాలన్నీ పలికించాలి. మీటిన క్షణం నుంచే ధ్వని తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి అసలు అందమంతా ఆ తగ్గే ధ్వనిలోనే ఉంది. మైకు లేకపోతే మూడో వరసకు అది అందదు. వీణ ధనమ్మాళ్ మద్రాసులో తన ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు కొద్దిమంది రసికుల ముందు వాయించేది. ఎంత గొప్ప విద్వత్తు, ఎంత చిన్న గది! ఆ వీణనే తర్వాతి తరంలో ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు పెద్ద సభల్లోకి తెచ్చారు. వారి వీణపై కోయిల కూత, గంట మోత కూడా చివరి వరస దాకా విన్నామంటే మధ్యలో మైకు ఉంది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్‌ను ఎన్నుకున్నప్పుడు ఆ వాయిద్యం మీద స్వరం నిలవదు, గమకం పలకదు అన్నారు. విద్యుత్ మాండలిన్ మీద స్వరం నిలిచింది. ఈ సాంకేతికతే లేకపోతే ఆ మేధావి చేతికి కర్ణాటక సంగీతంలో పనిముట్టే లేదు.

కళ సంగతి ఇలా ఉంటే, బడి సంగతి మరీ బాధాకరం. కొందరు టీచర్లు మెడకు చిన్న మైకు తగిలించుకుని, నడుముకు చిన్న స్పీకరు కట్టుకుని పాఠం చెబుతున్నారు. అది చూసి మొహం చిట్లించే ప్రధానోపాధ్యాయులున్నారు. “మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా? గొంతు లేకపోతే టీచరెందుకయ్యారు?” అని స్టాఫ్‌రూములో అందరి ముందూ అడిగినవాళ్లున్నారు. ఈ మాట అన్నవాళ్లు తరగతి గదిని ఎన్నడూ చెవితో పరిశీలించి ఉండరు.

మన తరగతి గది ఎలా ఉంటుంది? నున్నగా గచ్చు చేసిన గోడలు, పైన స్లాబు, కింద బండలు లేదా టైల్స్. ధ్వనిని పీల్చుకునే వస్తువు ఒక్కటీ లేదు, పిల్లల బట్టలు తప్ప. అలాంటి గదిలో పలికిన మాట వెంటనే ఆగదు. గోడల మీద పడి తిరుగుతుంది. జనం రీసౌండ్ అనేది ఇదే. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఆ చివరి అచ్చు గదిలో మోగుతూ ఉండగానే తర్వాతి మాట మొదటి హల్లు వస్తుంది. బలమైన అచ్చు తోక కింద బలహీనమైన హల్లు అణగిపోతుంది. ముందు బెంచీలో కూర్చున్నవాడికి నేరుగా వచ్చే ధ్వని ఎక్కువ కాబట్టి ఇబ్బంది లేదు. వెనక బెంచీవాడికి గోడల మీంచి వచ్చేదే ఎక్కువ. వాడు శ్రద్ధ లేనివాడని మనం తీర్పు చెబుతాం.

దీన్ని మొదట కొలిచి చూపినవాడు వాలెస్ సబైన్. 1895లో హార్వర్డులోని ఫాగ్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంలో ఒక్క ముక్క అర్థం కావడం లేదంటే, కారణం కనుక్కోమని ఈ యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. అక్కడ పలికిన మాట అయిదున్నర సెకన్ల దాకా వినపడుతూనే ఉండేది. ఆ లోపల ఉపన్యాసకుడు ఇంకో పన్నెండు, పదిహేను అక్షరాలు పలికేసేవాడు. సబైన్ రాత్రుళ్లు, వీధి సద్దుమణిగాక, పక్కనున్న థియేటరు నుంచి సీట్ల దిండ్లు మోయించుకొచ్చి గదిలో పరిచి, ఆర్గాన్ గొట్టం ఊది, ధ్వని ఎంతసేపటికి ఆగుతుందో గడియారంతో కొలిచాడు. ఏ వస్తువు ఎంత ధ్వనిని పీల్చుకుంటుందో లెక్క కట్టడానికి ఆయన తీసుకున్న కొలమానం తెరిచిన కిటికీ. దాంట్లోంచి వెళ్లిన ధ్వని తిరిగి రాదు కాబట్టి. మన బడుల్లో కిటికీలన్నీ తెరిచే ఉంటాయి, అందువల్ల రీసౌండ్ కొంత తగ్గుతుంది. కానీ అదే కిటికీలోంచి ఆటో, లారీ, పక్క క్లాసు ఎక్కాలు లోపలికి వస్తాయి. కిటికీ మూస్తే రీసౌండ్, తెరిస్తే రోడ్డు.

అమెరికాలో 2002లో వచ్చిన ప్రమాణం ప్రకారం 10,000 ఘనపు అడుగుల లోపు ఉన్న ఖాళీ తరగతి గదిలో నేపథ్య శబ్దం 35 డెసిబెల్స్ మించకూడదు, ధ్వని ఆగిపోవడానికి 0.6 సెకన్లు మించి పట్టకూడదు. పిల్లల చెవికి చేరే టీచరు గొంతు చుట్టూ ఉన్న శబ్దం కన్నా కనీసం 15 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలని శ్రవణ నిపుణులు చెబుతారు. పెద్దవాళ్లు అందని మాటను సందర్భాన్ని బట్టి పూరించుకుంటారు. కొత్త మాటలు నేర్చుకుంటున్న పిల్లవాడికి ఆ వీలు లేదు. మన దేశంలోనూ నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ధ్వని గురించి ఒక విభాగం ఉంది, సభా మందిరాల ధ్వని రూపకల్పనకు 1963 నుంచే భారతీయ ప్రమాణం ఉంది. కట్టేవాళ్లలో ఎంతమంది వాటిని తెరిచి చూస్తారు?

ఇక టీచరు గొంతు. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రాన్సు వైద్యుడు లొంబార్డ్ వందేళ్ల కిందటే దీన్ని గుర్తించాడు. టీచరు గొంతు పెంచుతుంది, పిల్లలూ తమ మాట పెంచుతారు, ఆమె ఇంకా పెంచుతుంది. గొంతు జబ్బులు మిగతా వృత్తులవారి కన్నా ఉపాధ్యాయుల్లో ఎక్కువని, వారిలోనూ స్త్రీలకు ఎక్కువని అనేక దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. స్వరపేటికలో బొడిపెలు కట్టి, డాక్టరు నెల రోజులు మౌనం పాటించమంటే, సెలవు దొరక్క అదే గొంతుతో క్లాసుకు వెళ్లేవాళ్లు మన మధ్యే ఉన్నారు. వాళ్లకు చిన్న మైకు ఇవ్వడం విలాసం కాదు. గని కార్మికుడికి హెల్మెట్ ఇచ్చినట్టు ఇవ్వాల్సిన రక్షణ.

“అయితే మైకు పెట్టిన ప్రతిచోటా చెవులెందుకు నొప్పి పెడుతున్నాయి?” అని అడుగుతారు. సరైన ప్రశ్న. దీనికి జవాబు మైకులో లేదు, మనం దాన్ని వాడే పద్ధతిలో ఉంది.

మన సభలో సౌండు చూసే కుర్రవాడిని ఎక్కడ కూర్చోబెడతాం? వేదిక పక్కన, తెర వెనక, చాలాసార్లు స్పీకరు బాక్సుల వెనక. జనానికి ఏం వినిపిస్తోందో అతనికి వినపడదు. అతనికి కనపడేది వేదిక మీదినుంచి “పెంచు” అని చూపే వేలు మాత్రమే. గాయకుడు వేలు పైకెత్తుతాడు, మృదంగం ఆయన ఎత్తుతాడు, వయొలిన్ ఆయన ఎత్తుతాడు. అందరికీ పెంచుతాడు. చివరికి ఎవరూ ఎవరికీ వినపడరు, మైకు కూస్తుంది. కచేరీ చెడింది, నింద ఆపరేటరుకు. అతనికి ఆ పూట దక్కేది కూలి డబ్బులు. అతన్ని శ్రోతల మధ్యలో, హాలు నడుమ కూర్చోబెట్టాలన్న మొదటి పాఠం మన నిర్వాహకులకు ఎవరూ చెప్పలేదు.

వక్తలు మైకును ఛాతీ దగ్గర పట్టుకుని మాట్లాడి, వినపడటం లేదంటే సౌండు పెంచమంటారు. మైకును నోటికి 40 సెంటీమీటర్ల నుంచి 10 సెంటీమీటర్లకు తెస్తే దానికి అందే గొంతు 12 డెసిబెల్స్ పెరుగుతుంది. అంతే పెరుగుదల యాంప్లిఫయరుతో తేవాలంటే దాని శక్తి దాదాపు 16 రెట్లు కావాలి. పైసా ఖర్చు లేని పని. గాయకులు కొందరు మైకు తలను గుప్పిట్లో బిగించి పట్టుకుంటారు. వెనకనుంచి వచ్చే ధ్వనిని వదిలేసేలా ఆ మైకు తలకు రంధ్రాలు అమర్చి ఉంటాయి. వాటిని మూసేస్తే మైకు అన్నివైపుల ధ్వనినీ పట్టి, స్పీకరు మోతను మళ్లీ మింగి, కూత పెడుతుంది.

ఇక వాట్ల పిచ్చి. 100 వాట్ల సెట్టు చాలడం లేదని 200 వాట్లది తెస్తే పెరిగేది 3 డెసిబెల్స్, జాగ్రత్తగా వింటే తెలిసేంత తేడా. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే 1000 వాట్లు కావాలి. గది చెడ్డదైతే ఆ 1000 వాట్లూ రీసౌండ్‌నే పెంచుతాయి. ఊరి మైదానంలో ఇంకో తప్పు జరుగుతుంది. ధ్వని సెకనుకు 340 మీటర్లే నడుస్తుంది. వేదిక దగ్గరి బాక్సు నుంచి 70 మీటర్ల దూరంలో స్తంభానికి కట్టిన గొట్టం స్పీకరు దగ్గర నిలబడితే ముందు గొట్టం మాట, ఆ తర్వాత సెకనులో అయిదో వంతుకు వేదిక మాట చేరుతాయి. రెండూ కలిసి ఏదీ అర్థం కాదు. దూరపు స్పీకరును అంత ఆలస్యంగా పలికిస్తే సమస్య తీరుతుంది. ఇప్పుడు మామూలు డిజిటల్ మిక్సర్లలోనూ ఆ సదుపాయం ఉంది, వాడేవాడికి చెప్పేవాళ్లు లేరు.

డీజే బాక్సులతో వీధులు దద్దరిల్లడాన్ని నేనూ భరించలేను. దానికి చట్టం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకరు నిషేధం. 2005లో సుప్రీంకోర్టు ఈ పరిమితులను గట్టిగా సమర్థించింది. అమలు చేయని అధికారులను నిలదీయాలి. వాళ్లను వదిలేసి, వీణ ముందు పెట్టిన మైకును, టీచరు మెడలో ఉన్న మైకును అదే గాటన కట్టడం అన్యాయం.

సంగీత కళాశాలలో నాలుగేళ్లు చదివి బయటికొచ్చే విద్యార్థికి మైకు ముందు ఎలా కూర్చోవాలో, తంబురా ఎంత వినపడాలో, వేదిక మీది స్పీకరును ఎటు తిప్పాలో నేర్పాలి. టీచరు శిక్షణలో గొంతు కాపాడుకోవడం ఒక పాఠం కావాలి. ఊళ్లలో మైక్‌సెట్ అద్దెకిచ్చే కుర్రాళ్లకు నైపుణ్య శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్ ఇచ్చి, దానికి తగ్గ కూలి ఇవ్వాలి. సినిమా పరిశ్రమ ఈ పని ఎప్పుడో చేసింది. పుణే ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో ధ్వని చదివిన రెసూల్ పూకుట్టి 2009లో ఆస్కార్ అందుకున్నాడు. అదే విద్యను కచేరీకి, క్లాసుకు, హరికథకు ఎందుకు తేలేదన్నదే నా ఫిర్యాదు.

వినికిడి లేని పిల్లల మాట కూడా చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ కింద చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సలు చేయించారు. ఆ పరికరం మొదలయ్యేది చెవి వెనక ఉన్న మైకుతోనే. అది పట్టిన ధ్వనిని విద్యుత్ సంకేతంగా మార్చి లోపలి నాడికి అందిస్తారు. ఆ పిల్లలు ఇప్పుడు మామూలు బడుల్లో కూర్చుంటున్నారు. ఆ మైకుకు టీచరు మాటకు, ఫ్యాను చప్పుడుకు తేడా తెలియదు. దూరం, రీసౌండ్ మన కన్నా వాళ్లను ఎక్కువ దెబ్బ తీస్తాయి. టీచరు కాలరుకు ఒక మైకు పెట్టి, ఆ మాటను నేరుగా వాళ్ల పరికరానికి పంపే సాధనాలున్నాయి. “మైకు లేకుండా చెప్పగలిగేవాడే టీచరు” అనే హెడ్‌మాస్టరు ఆ సాధనాన్ని కూడా సోకు అనే అనుకుంటాడు.

వయసు మీరినవాళ్లకూ ఇదే అవసరం. వృద్ధాప్యంలో ముందుగా పోయేది పై స్థాయి ధ్వనులు వినే శక్తి, అంటే హల్లులు. పద్యం వినపడుతుంది, మాట తెలియదు. పాత గొంతుల కోసం బెంగపడే పెద్దలే సభలో “ఏమన్నాడు?” అని పక్కవారిని అడగాల్సి వస్తుంది. హాలు చుట్టూ నేలలో ఒక తీగ చుట్ట వేసి దాన్ని మైకు సెట్టుకు కలిపితే, ఆ సదుపాయం ఉన్న వినికిడి యంత్రాలకు వేదిక మీది మాట రీసౌండ్ లేకుండా అందుతుంది. చాలా దేశాల్లో రైల్వే టికెట్టు కౌంటర్లలో, ప్రార్థనా మందిరాల్లో ఇది ఉంది. మన ఊళ్లలో ఏటా ఎన్నో ఫంక్షన్ హాళ్లు, కమ్యూనిటీ హాళ్లు, బడి భవనాలు లేస్తున్నాయి. కట్టించేవారు ఆ తీగను టైల్స్ వేయకముందే పరిపించాలి, వేశాక అయితే నేల పగలగొట్టాల్సి వస్తుంది.